సలోమి ఆంటీకి మైకు ఇచ్చిన రోజు

మొన్న ఆదివారం మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా ఇంటి వెనక బార్బెక్యూ పెట్టుకున్నాం. మా చర్చిలో పాటలు పాడే షారన్ వచ్చింది. యూనివర్సిటీలో కమ్యూనికేషన్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తుంది.

“ఆంటీ, బీ ఆనెస్ట్. పీఆర్ ఈజ్ జస్ట్ స్పిన్, రైట్?” అంది.

నా చేతిలో వేడి పట్టకారు ఉంది కాబట్టి అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను. పీఆర్ అంటే పౌర సంబంధాలు. ఆ ఉద్యోగమంటే మాటలు తిప్పి అబద్ధాలాడటానికి జీతం తీసుకోవడమని చాలామంది అనుకుంటారు. అలా అనుకునేవాళ్లలో కొందరు నాకు బాసులుగా కూడా పనిచేశారు. వాళ్ల మాట నేను ఒప్పుకోలేదు, ఈ వయసులో ఒప్పుకునే ఉద్దేశమూ లేదు. ఏ ఏడాది ఏ పదవిలో ఉన్నానో ఇందులో రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవి రాస్తాను.

బుధవారం కూడిక

నాకు ఈ పని నేర్పింది కాలేజీ కాదు. బాపట్ల దగ్గర మా ఊరి చర్చిలో బుధవారం సాయంత్రం జరిగే స్త్రీల కూడిక. పాటలయ్యాక సాక్ష్యాలు ఉండేవి. తన బతుకులో దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరు లేచి నిలబడి నలుగురి ముందు చెప్పడమే సాక్ష్యం. “క్లుప్తంగా చెప్పండమ్మా” అని పాస్టరుగారి భార్య ప్రతివారం బతిమాలేది. క్లుప్తంగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టి, తాగుబోతు మొగుడు, చచ్చిపోయిన గేదె, పచ్చకామెర్లు, అన్నీ దాటుకుంటూ మేలు దగ్గరికి వచ్చేసరికి లాంతర్లు వెలిగించే వేళయ్యేది.

ఇంటికి నడిచొస్తూ మా అమ్మ మార్కులు వేసేది. “ఆ మరియమ్మ సాక్ష్యం బాగుంది. సుందరమ్మది బాగాలేదు. గొయ్యి చెప్పకుండా తాడు గురించే చెప్పింది. ఎంత లోతున పడిందో తెలియకుండా ఎట్టా పైకొచ్చిందో నాకెందుకు?” అనేది.

ఆ మాట అప్పుడు నాకు నవ్వులాటగా ఉండేది. తర్వాత దాని మీదే నా బతుకంతా నడిచింది. ముందు గొయ్యి, తర్వాత తాడు. ఏ సంస్థ కథైనా, ఏ మనిషి కథైనా అంతే. గొయ్యి దాచి తాడు మాత్రం చూపిస్తే దాన్ని షారన్ అన్నట్టు స్పిన్ అనవచ్చు.

చెత్త డబ్బాలు

ఎనభైల చివర్లో పెళ్లయి మెల్‌బోర్న్ వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఒక కౌన్సిల్ ఆఫీసులో, మన మునిసిపాలిటీ లాంటిది. టైపిస్టుగా చేరాను. కరపత్రాలు రాసే అమ్మాయి కాన్పుకి వెళ్తే, “నీ టైపింగ్ ఘోరంగా ఉంది, రాత ఎలా ఉంటుందో చూద్దాం” అని హెదర్ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. హెదర్ నా మొదటి బాసు. నోరు చెడ్డది, చూపు మంచిది.

అప్పుడే ఆ పేటకి పాత రేకు డబ్బాలు తీసేసి చక్రాలున్న పెద్ద ప్లాస్టిక్ చెత్త డబ్బాలు ఇచ్చారు. జనానికి నచ్చలేదు. వాటి గొప్పతనం మీద కరపత్రం రాయమన్నారు. శుభ్రత, సౌకర్యం, ఆధునికత అంటూ ఒక పేజీ నింపాను. హెదర్ చదివి ఎర్ర పెన్నుతో అడ్డంగా గీసింది.

“ఇందులో కష్టం ఎక్కడుంది? కష్టం కనిపించకపోతే నేను అబద్ధం కోసం వెతకడం మొదలెడతాను. జనం కూడా అంతే. పో, వీధిలోకి పోయి అడుగు.”

వెళ్లాను. మెట్ట మీద ఇల్లున్న ఒక ముసలావిడ, నిండిన డబ్బా ఆ ఏటవాలు దారిలో తన్ను ఈడ్చుకుపోతోందని చూపించింది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. కరపత్రంలో మొదట ఆమె గోడు రాశాను. అలాంటివాళ్ల డబ్బాలను కౌన్సిల్ మనుషులే గేటు దాకా తెచ్చుకునేలా హెదర్ పైవాళ్లతో పోట్లాడి ఒప్పించింది. అది రెండో పేరా. ఆ తర్వాత ఫోన్లలో తిట్లు తగ్గాయి.

రాసింది బయటికి పంపే ముందు ఆ ముసలావిడ ఇంటికి మళ్లీ వెళ్లి, ఆమె గుమ్మంలో నిలబడి పైకి చదివి వినిపించాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. సాక్ష్యం ఎవరిదో వాళ్ల నోటితోనే వినడం అలవాటైనదాన్ని, వేరొకరి కథ వాళ్లకు వినిపించకుండా పంపడం నాకు చేతకాలేదు. అప్పటినుంచి అదే నా పద్ధతి. ఈ పద్ధతి వల్ల పనులు ఆలస్యమవుతాయి. బాసులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

డార్విన్

మా ఆయన ప్రభాకర్‌కు దేశానికి ఉత్తర కొసన ఉన్న డార్విన్‌లో ల్యాబ్ ఉద్యోగం రావడంతో మేం అక్కడికి మారాం. నాకు ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పౌర సంబంధాల పని దొరికింది. దాని పేరు చెప్పను, ఆ భవనం కూడా ఇప్పుడు లేదు. అక్కడ నా బాసు గ్రాహమ్. మర్యాదస్తుడు. పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవాడు. ఎవరితోనూ గొడవ పడడం ఇష్టంలేని మనిషి, ముఖ్యంగా తనకన్నా పైవాళ్లతో.

ఆ ఆసుపత్రిలోనే పసిపిల్లల వార్డులో సలోమి ఆంటీ నర్సు. చీరాల మనిషి. పొట్టిగా, నిదానంగా ఉండేది. డార్విన్‌లో అప్పుడు తెలుగువాళ్లం వేళ్లమీద లెక్కపెట్టేంతమందిమి. శనివారాలు మా ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే ఆంటీ చేపల పులుసు పట్టుకొచ్చేది. డాక్టర్ మూర్తిగారి కుటుంబం హిందువులైనా ఆ పులుసు కోసం ప్రార్థన అయ్యేదాకా ఓపిగ్గా కూర్చునేవాళ్లు.

వానాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం పెద్ద ఉరుములతో గాలివాన వచ్చి ఊరంతా కరెంటు పోయింది. అలాంటప్పుడు ఆసుపత్రి జనరేటరు తనంతట తాను అందుకోవాలి. అందుకోలేదు. వార్డులో ఊపిరి యంత్రం మీద ఒక పసికందు ఉంది. సలోమి ఆంటీ యంత్రం తీసేసి, రబ్బరు సంచి బిడ్డ మూతికి పెట్టి, చేత్తో పిసుకుతూ ఊపిరి పోసింది. కరెంటు వచ్చేదాకా ఆ ఊపిరి ఆగనివ్వలేదు. బిడ్డ బతికింది.

మర్నాడు గ్రాహమ్ మొహం వెలిగిపోతోంది. ఆసుపత్రికి కొత్త విభాగం కట్టాలని అప్పుడే దాతలను కూడగడుతున్నారు. “ఇంతకన్నా మంచి కథ మనకి దొరకదు. వలస వచ్చిన నర్సు, తుఫాను, పసిబిడ్డ. రాసెయ్” అన్నాడు.

రాశాను. నర్సులు జనరేటరు పాడైందని అప్పటికి చాలాకాలంగా మీటింగుల్లో చెబుతూనే ఉన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. మొదటి పేరాలో అది రాశాను. గ్రాహమ్ ఆ పేరా కొట్టేసి, మిగతాది బ్రహ్మాండంగా ఉందన్నాడు.

ఆ మిగతాది పట్టుకుని, నా పద్ధతి ప్రకారం, వార్డు వెనక వరండాలో టీ తాగుతున్న ఆంటీ దగ్గర కూర్చుని చదివాను. ఆమె మొత్తం విని కప్పు కింద పెట్టింది.

“బాగా రాశావమ్మా. ఇదెవరి కథ?”

“మీదే కదా ఆంటీ.”

“నాది కాదు. కరెంటు ఎందుకు రాలేదో ఇందులో లేదుగా. నా పేరు పెట్టి సగం సాక్ష్యం చెప్పొద్దమ్మా.”

“బాసు ఒప్పుకోవట్లేదు ఆంటీ. దాతలొస్తారు, వాళ్ల ముందు ఇవన్నీ ఎందుకంటున్నాడు.”

“దాతలు వచ్చి పోతారు. వానాకాలం ఇంకా అయిపోలా. రేపు ఇంకోసారి కరెంటు పోయిద్ది. ఇంకో బిడ్డ ఉంటది. నేను డ్యూటీలో ఉంటానో లేదో. ఉన్నా నా చెయ్యి ఎంతసేపు పిసకగలదు చెప్పు?” అని కుడిచెయ్యి చాపి చూపించింది. బొటనవేలి మొదట్లో ఇంకా వాపు ఉంది.

ఆ చెయ్యి చూశాక నాకు కోపం వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

రెండు మాటలు

ఆంటీ ఒప్పుకోవట్లేదని గ్రాహమ్‌తో చెప్పాను. అతను ఇంకా పెద్ద తెలివైన పని చేశాడు.

“రాయడం వద్దులే. దాతలకి ఆఫ్టర్‌నూన్ టీ ఇస్తున్నాం కదా, టీవీవాళ్లు కూడా వస్తారు. ఆమెనే మాట్లాడమందాం. దైవభక్తి ఉన్న మనిషి, బిడియస్తురాలు. దేవుడికో థాంక్స్, ఆసుపత్రికో థాంక్స్ చెప్పి కూర్చుంటుంది.”

“గ్రాహమ్, మావాళ్ల చేతికి మైకు ఇస్తే రెండు మాటలతో ఆపరు. మా చర్చిలో అదొక పద్ధతి...” అని మొదలుపెట్టాను.

“క్లుప్తంగా చెప్పమని చెబుతాలే” అన్నాడు.

పాస్టరుగారి భార్య వల్ల కానిది ఇతని వల్ల అవుతుందా అనుకున్నాను. ఇక చెప్పలేదు. వినని బాసుకి చెప్పడానికీ ఒక హద్దుంటుంది.

ఆ రోజు వరండా నిండా దాతలు, లామింగ్టన్ కేకులు, ఐస్ వేసిన టీ. ఒక టీవీ కెమెరా, పత్రిక నుంచి ఒక అమ్మాయి. వెనక వరసలో బిడ్డ తల్లి. సలోమి ఆంటీ ఇస్త్రీ చేసిన యూనిఫారంలో వచ్చి నిలబడింది. “జస్ట్ ఎ ఫ్యూ వర్డ్స్, సలోమి” అన్నాడు గ్రాహమ్. ఆమె తల ఊపింది.

చీరాలలో మగ్గం నేసే నాన్న దగ్గర మొదలుపెట్టింది. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు, మొదటి జీతం, సముద్రం దాటి రావడం. చీరాల యాసలోని ఇంగ్లిష్, కానీ ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తోంది. దాతలు ముచ్చటపడుతున్నారు. గ్రాహమ్ నా వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. గొయ్యి ఇంకా రాలేదని నాకు తెలుసు.

వచ్చింది.

“ఆ రోజు కరెంటు పోయింది. జనరేటరు రాలేదు. అది రాదని మాకు తెలుసు. వానల్లేని డ్రై సీజన్ నుంచీ మేం చెబుతూనే ఉన్నాం. చూద్దాం అన్నారు. ఎవరూ చూడలేదు. మేం పడిన గొయ్యి అది. ఇప్పుడు దేవుడు పంపిన తాడు చెబుతాను.”

గ్రాహమ్ నాకు సైగ చేశాడు. మైకు పెట్టె నా పక్కనే ఉంది, ఆపేయమని. మైకు స్టాండు పొడుగువాళ్ల కోసం పెట్టింది, ఆంటీ గొంతు కిందనుంచి పోతోంది. నేను లేచి వెళ్లి స్టాండు ఆమె ఎత్తుకు దించి, మర బిగించి వచ్చి కూర్చున్నాను. నా వృత్తిలో నేను చేసిన అన్ని పనుల్లోకీ నాకు బాగా నచ్చిన పని అదే.

“నా చెయ్యి తిమ్మిరెక్కింది,” ఆంటీ చెబుతూనే ఉంది. “ఇంకో నర్సు అందుకుంది. ఆమె చెయ్యీ అలసిపోయింది. అప్పుడు ఈ తల్లి వచ్చి, నేను చూపిస్తుంటే, తన బిడ్డకి తనే ఊపిరి పోసింది. దేవుడు బిడ్డను కాపాడాడు, ఆయనకి స్తోత్రం. కానీ జనరేటరు బాగుచేయడం ఆయన పని కాదు. మీ పని.”

చెప్పి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత వెనకనుంచి బిడ్డ తల్లి ఒక్కతే కొట్టడం మొదలుపెట్టింది. పత్రిక అమ్మాయి రాసుకుంటూనే ఉంది.

ఆమె ఇంగ్లిష్

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది గ్రాహమ్ పని. మర్నాడు పొద్దున్నే ఒక కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. పైవాళ్లు అతన్ని నిద్రపోనివ్వలేదని తెలుస్తోంది.

కాగితం మీద ఉన్నదేమిటంటే: సదరు నర్సు మాతృభాష ఇంగ్లిష్ కాదు, సాంకేతిక విషయాలు ఆమెకు సరిగ్గా అర్థంకాక పొరపాటుగా మాట్లాడింది, ఆసుపత్రి పరికరాలన్నీ సక్రమంగా ఉన్నాయి.

“దీన్ని నువ్వు పత్రికలవాళ్లకి చెప్పాలి. నువ్వు ఆమె దేశపు మనిషివి. నువ్వు చెబితే నమ్ముతారు, ఎవరూ మనల్ని ఇంకో మాట అనరు” అన్నాడు.

నేను కాగితం తీసుకోలేదు. “గ్రాహమ్, నేను పుట్టకముందు నుంచీ ఆవిడ ఇంగ్లిష్‌లో మందుల చీటీలు చదువుతోంది. రాత్రింబవళ్లు మీ బిడ్డలకి ఇంగ్లిష్‌లోనే మందులేస్తోంది. అప్పుడు రాని అనుమానం ఇప్పుడెందుకొచ్చింది?”

“నాకు తెలుసు,” అన్నాడు మెల్లగా. “తెలుసు. కానీ నీ ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకో. ఆమెది కూడా.”

ఆంటీ ఉద్యోగం మాట ఎత్తేసరికి నాకు భయం వేసింది. లేదని కోతలు కొయ్యను. అదే సమయంలో ఫోను మోగింది. పత్రిక అమ్మాయి. నిన్న నర్సు చెప్పినదాని మీద ఆసుపత్రి ఏమంటుందని అడిగింది. గ్రాహమ్ కాగితం నా ముందు బల్లమీద పెట్టాడు.

ఒక మనిషి నిజం చెబితే, ఆ నిజాన్ని కాదనలేక ఆమె యాసను పట్టుకుంటారు. ఆ పనికి ఆమె భాష మాట్లాడేదాన్నే వాడుకుంటారు. నాకు జీతం ఇచ్చేది దీనికే అయితే ఆ జీతం నాకొద్దు అనిపించింది.

“సిస్టర్ సలోమి మాటల్లో సవరించాల్సిందేమీ లేదు,” అన్నాను ఫోన్లో. “ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. ఇది ఆసుపత్రి పౌర సంబంధాల అధికారిగా చెబుతున్నాను.” నా పేరు కూడా విడమరిచి చెప్పి ఫోను పెట్టేశాను.

గ్రాహమ్ అరవలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా కాంట్రాక్టు ముగిశాక పొడిగించలేదు. ఇంటికెళ్లి చెబితే ప్రభాకర్, “సరే, మొదట అన్నం తిను” అన్నాడు. సలోమి ఆంటీని మాత్రం వాళ్లు ఏమీ చేయలేకపోయారు. బిడ్డ తల్లి ఊరంతా తిరిగి ఆమె గురించి చెబుతోంది మరి. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవని ఆంటీయే నాతో అంది. ఆ వానాకాలం అయ్యేలోపు కొత్త జనరేటరు వచ్చింది. అది తమ ముందుచూపని ఆసుపత్రి ప్రకటించుకుంది. ఆ ప్రకటన నా తర్వాత వచ్చిన ఆయన రాశాడు. గొయ్యి లేదు, తాడే ఉంది.

నిలవనివ్వని కెరీర్

నా కెరీర్‌లో ఎంతో వైవిధ్యముందని రిటైర్మెంటు విందులో అందరూ మెచ్చుకున్నారు. మామిడి రైతుల సంఘానికి రాశాను, నీటి సరఫరా వాళ్లకు రాశాను, కమ్యూనిటీ రేడియోలో కథలు చెప్పాను, ఒక నాటక బృందానికి టిక్కెట్లు అమ్మిపెట్టాను. అది వైవిధ్యం కాదర్రా. ఒకచోట నిలవనివ్వలేదంతే. ప్రతిచోటా ఎవరో ఒకరు మొదటి పేరా కొట్టేయమన్నారు. కొన్నిచోట్ల గెలిచాను, కొన్నిచోట్ల పెట్టె సర్దుకున్నాను. తలవంచుకుని ఒకే కుర్చీలో కూర్చున్నవాళ్లకు నాకన్నా మంచి పింఛను వస్తుంది. రానివ్వండి.

షారన్, నీకు చెప్పేది ఇదే. ఈ పనిలో నీకు కంప్యూటర్లూ, ఫొటోలూ, రంగులూ చాలా నేర్పుతారు. కథ ఎవరిదో వాళ్లకు ముందు చదివి వినిపించమని మాత్రం ఎవరూ నేర్పరు. నువ్వు నేర్చుకో. వాళ్లు వద్దంటే వద్దు. గొయ్యి తీసేయమని బాసు అంటే, ఎందుకని అడుగు. నీ యాస గురించో, నీ పేరు పలకడం గురించో ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే, వాళ్లు కాదనలేని నిజమేదో నువ్వు చెప్పావని గుర్తుపెట్టుకో.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. తొంభైల మొదట్లో, తర్వాతి వానాకాలం. అప్పుడు నేను ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం ఆకాశం నల్లబడి పెద్ద గాలివాన వచ్చింది. మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. వీధంతా కరెంటు పోయింది. కిటికీ దగ్గర నిలబడి ఆసుపత్రి వైపే చూస్తున్నాను. మధ్యలో ఇళ్లూ చెట్లూ అడ్డం, ఏమీ కనిపించదు. అయినా చూస్తున్నాను.

ఫోను మోగింది. సలోమి ఆంటీ, వార్డు నుంచి.

“కరెంటు పోయిందమ్మా” అంది.

ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను. “తర్వాత ఆంటీ?”

“తర్వాతేముంది? పోయింది, వచ్చింది. పిల్లలు నిద్ర కూడా లేవలేదు.” నవ్వింది. “ఈసారి సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా.”